రుచి అడిగిన గాలం

మంచుగుబ్బలి కొండల నడుమ వెన్నెలవాగు పుట్టిన చోటు చూడాలంటే రెండు కళ్లూ చాలవు. ఇటు ఆకాశాన్నంటే నల్లని రాతిగోడ, అటు పసిడి రంగు వెదురు పొదలు, మధ్యలో అడుగున ఉన్న గులకరాయి కూడా లెక్కపెట్టగలిగేంత తేటనీరు. గాలి వీచిందంటే వెదుళ్లన్నీ ఒక్కసారిగా ఈల వేస్తాయి. నీటి మీద నీలిరెక్కల పురుగులు గుంపులు గుంపులుగా ఆడతాయి. పైనుంచి సన్నని జలపాతం ముత్యాల పేటలా జారి, మడుగులో పడి, చప్పుడు లేకుండా సాగిపోతుంది. అంతటి రమణీయ ప్రదేశంలో, శ్రావణ శుద్ధ త్రయోదశి నాటి ఉదయం, మేఘవల్లి రాజ్య యువరాజు వీరాంకుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గాలం వేసి తన తలపాగాను తానే పట్టుకున్నాడు.

ఒట్టి తలపాగా కూడా కాదు, దానితోపాటు పిడికెడు జుట్టు వచ్చింది.

"ఏం పడింది నాయనా?" అని గట్టు మీద నుంచి అడిగింది నాంచారవ్వ. "ఎర్రగా ఉంది, పెద్ద సేపే!"

వీరాంకుడు తలపాగాకు దిగిన ముల్లును పీకే పనిలో పడ్డాడు. ఏడు రాజ్యాల వీరులను కత్తిసాములో ఓడించినవాడు, గాలిలో వస్తున్న బాణాన్ని చేత్తో పట్టినవాడు, కాకి బరువైనా లేని వెదురు బెత్తం చేతిలో ఇలా పరువు పోగొట్టుకోవడం అతనికి మింగుడు పడలేదు. అవ్వ మాత్రం కడుపుబ్బ నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది.

ఇంతకూ యువరాజుకు ఈ చేపల వేట ఎందుకు వచ్చిపడింది?

మేఘవల్లి సింహాసనానికి ఒక ఆచారం ఉంది. ఏటా శ్రావణ పూర్ణిమనాడు సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, కోట ముంగిట జనమంతా చూస్తుండగా, రాజభటుడు "మహారాజా, ఉన్నారా?" అని మూడుసార్లు పిలుస్తాడు. రాజు తన నోటితో "ఉన్నాను" అనాలి. మూడో పిలుపుకు కూడా జవాబు రాకపోతే, రాజు కళ్లెదుట కూర్చుని ఉన్నా లేనట్టే లెక్క. కిరీటం రాజగురువుకు దక్కుతుంది. ఈ ఆచారం వల్ల ఇన్నేళ్లలో ఎవరికీ ఏ చిక్కూ రాలేదు. మహాబలసేన మహారాజు గొంతు విప్పితే కోట గోడల మీది పావురాలు పొరుగు రాజ్యం దాకా ఎగిరిపోయేవి మరి!

కానీ ఈసారి రాజగురువు పీఠం మీద కూర్చున్నది గురువు కాదు, ధూమకేశి అనే మాంత్రికుడు. వాడు ఒకనాడు హారతి పొగలో మంత్రధూమం కలిపి, రాజుగారి గొంతులోని మాటను అమాంతం లాగేశాడు. దాన్ని తీసుకుపోయి వెన్నెలవాగులోని ఒక చేప నోట దాచాడు. పూర్ణిమ దగ్గరపడ్డాక ఒకరోజు తన మందిరంలో తలుపులు మూసుకుని, "వల తగిలితే ఆ చేప నీరైపోతుంది, మాట పోతుంది. ఎర మింగితే ముల్లు కడుపులో దిగి చేప చస్తుంది, మాటా చస్తుంది. పెదవి అంచున ముల్లు నాటుకుని, ప్రాణంతో పైకి వస్తేనే మాట బయటపడేది. ఆ పని ఎవడి వల్లనవుతుంది!" అని బిగ్గరగా చెప్పుకుని మురిసిపోయాడు. తెర వెనుక వీరాంకుడు ఉన్నాడు. దుర్మార్గులకు ఒంటరిగా ఉన్నప్పుడు పైకి మాట్లాడుకునే అలవాటే లేకపోతే మంచివాళ్లు ఏమైపోయేవారో!

ఆ క్షణమే వీరాంకుడు రాచదుస్తులు విప్పేసి, మేదరివాడి వేషం కట్టాడు. వీపున బుట్టల మోపు ఎత్తుకుని కోట దాటాడు. ఏటి రేవు దగ్గర ధూమకేశి భటులు ఆపితే, వాళ్లకు రెండు చేటలు బేరమాడి అంటగట్టి మరీ బయటపడ్డాడు. అడవిలో కొండచిలువ అడ్డు వస్తే దాని నోట బుట్ట ఇరికించి పరుగు తీశాడు. అడవి దాటాక ఒక ఊరి పొలిమేరలో గుర్రాన్ని కొని, పగలంతా స్వారీ చేసి, మంచుగుబ్బలి చేరాడు. ఆ వాగు గట్టు మీద, ఈకలతో పురుగులు చేసి చేపలు పట్టే జాలరుల గూడెంలో, అందరికన్నా పెద్దది నాంచారవ్వ.

ఆమె అతని అరచెయ్యి ఒక్కసారి తిప్పి చూసింది. "మేదరోళ్ల సేతి ఏళ్ల నిండా వెదురు కోతలుంటాయి. నీకేమో కత్తి పిడి కాయలు. ఎవరి బిడ్డవు నాయనా?"

అబద్ధం చెప్పబోయి, ఆ ముసలి కళ్లను చూసి, వీరాంకుడు నిజమంతా చెప్పేశాడు.

"ఓస్, బొట్టమ్మ కోసమా!" అంది అవ్వ. నుదుట వెండిబొట్టు ఉన్న ఆ చేపను గూడెమంతా అలాగే పిలుస్తుంది. "అందుకే ఈ మధ్య వాగులోంచి 'ఎవరక్కడ! ఎవరక్కడ!' అని కేకలు. పిల్లలు జడుసుకుంటన్నారు. పట్టుకుందువులే."

ఎంత సులువుగా అందో అంత సులువు కాదని త్రయోదశినాడే తేలిపోయింది.

గూడెం వాళ్ల గాలం ముచ్చటైనది. సన్నని వెదుళ్లను నిలువునా చీల్చి, పొగలో ఆరబెట్టి, ఆరు బద్దలు ఒక్కటిగా అతికి, లక్క పూసి చేసిన బెత్తం. కొనకు వేలు ఆనిస్తే వంగుతుంది, వదిలితే నిలుస్తుంది. దానికి కొండపట్టుతో పేనిన దారం. ఆ దారం ఏనుగును కట్టినా తెగదు. చివర మాత్రం, చేప కంట పడకుండా, గుర్రపు తోక వెంట్రుక ఒక బారెడు. ఆ వెంట్రుకకు పాలపిట్ట ఈకతో చేసిన పురుగు, పురుగు కడుపులో వడ్లగింజంత ముల్లు. ఆ పురుగును గాలిలో అటూ ఇటూ ఊపి, నీటి మీద రాలి పడినట్టు వదలాలి. ఇదంతా వీరాంకుడికి ఒక్క పూటలో పట్టుబడింది. కత్తి తిప్పిన మణికట్టు కదా! నీలిరెక్కల పురుగుల మధ్య అతని ఈకపురుగు వాలితే అవ్వ కూడా ఏది ఏదో పోల్చుకోలేకపోయింది.

చిక్కల్లా ఆ తర్వాతే. చేప నీటి మీదికి వచ్చి నోరు తెరవగానే, రెప్పపాటు కూడా ఆగకుండా వీరాంకుడు బెత్తాన్ని లాగేవాడు. చేప నోరు మూసేలోపే పురుగు గాలిలో ఉండేది. అలాంటి లాగుడుకే తలపాగా ఎగిరింది. రెండో లాగుడుకు ముల్లు పోయి మొగలిపొదలో చిక్కింది. మూడోదానికి బెత్తం కొన ఫటేల్మని విరిగింది.

"శత్రువు రెప్ప వేసేలోపు దెబ్బ పడాలని మా నాన్నగారి ఆన, అవ్వా" అన్నాడు వీరాంకుడు, విరిగిన ముక్కను చూసి బాధపడుతూ. "అయిదో ఏట నుంచీ అదే నేర్పారు."

"సేప నీకు శత్రువా? సుట్టం! పిలిసి వడ్డిత్తన్నావు. మా గూడెంలో ఒక మాటుంది. సేప పురుగును అందుకోగానే మేం ఏమంటామో తెలుసా? 'అమ్మా, రుచి కుదిరిందా?' అంటాం. అన్నాకే బెత్తం లేపుతాం. వడ్డించినోళ్లు అడక్కుండా ఇస్తరాకు లాగేత్తారా?"

వీరాంకుడు మర్యాదగా తల ఊపాడు గాని, లోపల నవ్వుకున్నాడు. తండ్రి కిరీటం పోయే వేళ చేపతో కుశలప్రశ్నలా! సాయంత్రం దాకా ఆ మాట అనకుండానే లాగాడు. సాయంత్రం దాకా ఒక్క చేప కూడా పడలేదు.

ఆ రోజు పొద్దు బాగా ఎక్కాక ఒక ఆపద కూడా తప్పిపోయింది. నీటి మీద పందిరంత నీడ కదిలింది. అవ్వ యువరాజును మెడ పట్టి మొగలిపొదలోకి తోసింది. పైన ఒక రాబందు, రెక్క విప్పితే ఇల్లు కప్పేటంతది, కొండకొమ్ము మీద నుంచి లేచి దక్షిణంగా సాగిపోయింది. దాని కాలికి ఇత్తడి కడియం తళుక్కుమంది.

"మాంత్రికుడు కాపలా పెట్టిన పిట్ట" అని గొణిగింది అవ్వ. "రోజూ పొద్దు నడినెత్తికొచ్చేలోపల కోటకెళ్లి మాంసం తిని వత్తది. నీ గుర్రం పగలంతా పరిగెత్తే దూరం అది నాలుగు గడియల్లో ఎగిరేత్తది."

చతుర్దశి తెల్లవారింది. వీరాంకుడు పట్టుదల తగ్గించుకుని, సిగ్గు విడిచి, ఆ మాట అనడానికి సిద్ధపడ్డాడు. చేప లేచింది. "అమ్మారుచికుదిరిందా!" అని ఒక్క గుక్కలో అనేసి లాగాడు. పోయింది. మళ్లీ లేచింది. ఈసారి నింపాదిగా అన్నాడు, కానీ నీళ్లలోంచి తొంగిచూసిన ఆ వెండిబొట్టును చూసి మైమరచి, బెత్తం లేపడమే మరచిపోయాడు. బొట్టమ్మ పురుగును ఉమ్మేసి, "ఎవరక్కడ!" అని అచ్చం మహారాజు గొంతుతో గదమాయించి మునిగిపోయింది. ఆ గొంతు వినగానే వీరాంకుడి కళ్లు చెమర్చాయి. నెల రోజులైంది నాన్నగారి మాట విని. ఆ సాయంత్రంలోగా బయలుదేరితేనే గుర్రం పూర్ణిమనాటి మధ్యాహ్నానికి కోట చేరుతుంది. మాట లేకుండా వెళ్లి ఏం లాభం?

ఆకలి వేళకు అవ్వ అతణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, విస్తరి వేసి, వేడివేడి అన్నం, చింతచిగురు పులుసు వడ్డించింది. రెండు పూటలు తిండి మానిన యువరాజు ముద్ద కలిపి నోటి దగ్గరికి తెచ్చాడు. నోరు తెరిచాడు. అంతే! అవ్వ విస్తరిని చటుక్కున లాగేసింది. ఆ ఊపుకు మోచెయ్యి తగిలి చేతిలోని ముద్ద గడ్డిలో పడింది.

యువరాజు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

"ఇందాకటి నుంచీ నువ్వు సేత్తన్నది ఇదే" అంది అవ్వ తాపీగా, విస్తరిని మళ్లీ ముందు పెట్టి. "ఇప్పుడు తిను. నువ్వు ముద్ద నోట్లో ఏసుకుని, నోరు మూసి, తల కిందికి దించి నమలడానికి ఎంతసేపు పడతదో నువ్వే సూసుకో."

వీరాంకుడు ముద్ద నోట పెట్టాడు. నోరు మూశాడు. తల వంచాడు. పులుపు నాలుకకు తగిలి, "ఆహా!" అనుకునే సరికి, ఎదురుగా అవ్వ "అమ్మా, రుచి కుదిరిందా?" అని నెమ్మదిగా అంటోంది. సరిగ్గా అంతే సమయం! అతనికి ఒక్కసారిగా నవ్వు వచ్చింది, పొలమారింది, దగ్గుతూనే నవ్వాడు. అవ్వ నెత్తి మీద తట్టింది. ఇద్దరూ కలిసి పగలబడి నవ్వుతుంటే వెదురుపొదల్లోని గోరువంకలన్నీ లేచిపోయాయి.

"ఇంకోటి" అంది అవ్వ. "కత్తి లాగినట్టు లాగకు. పడుకున్న పసిబిడ్డ తల కింద సెయ్యి పెట్టి లేపినట్టు లేపు. ఎడమ సేత్తో దారం బిగువు సూసుకో. మిగతాది వెదురే సూసుకుంటది."

ఆ సాయంత్రమంతా చిన్న చేపల మీద సాధన సాగింది. ఒకటి పడింది, రెండు పడ్డాయి, అయిదు పడ్డాయి. పెదవి అంచున ముల్లు గుచ్చుకుని మిలమిలలాడుతూ వచ్చిన ప్రతి చేపనూ వీరాంకుడు తడిచేతులతో విడిచిపెట్టి, మళ్లీ గాలం వేశాడు. బొట్టమ్మ మాత్రం ఆ పూట పైకి రాలేదు. గుర్రం బయలుదేరవలసిన వేళ దాటిపోయింది. అయినా చిత్రంగా, అతని గుండెలో దిగులుకన్నా సంతోషమే ఎక్కువగా ఉంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక పనిని నిదానంగా చేసి గెలవడం అతనికి ఇదే మొదలు!

పూర్ణిమ. తూర్పున కొండల అంచులు కుంకుమ పూసుకున్నాయి. మడుగు మీద మంచు తెర తెరలుగా లేచింది. వీరాంకుడు పాలపిట్ట ఈకను జలపాతం పక్కన, నురుగు చెదిరే చోట వాల్చాడు. పురుగు రెండు చుట్లు తిరిగింది. నీటి కింద వెండి మెరుపు కదిలింది, పైకి వచ్చింది, నోరు తెరిచింది, పురుగును అందుకుంది.

లాగు, లాగు అని పాత అలవాటు తొందరపెట్టింది. అతను బెత్తం కదపలేదు.

"అమ్మా," అన్నాడు వీరాంకుడు మనస్ఫూర్తిగా, "రుచి కుదిరిందా?"

బొట్టమ్మ నోరు మూసి కిందికి తిరిగింది. అతను బెత్తం లేపాడు. వెదురు విల్లులా వంగింది. ముల్లు నాటుకుంది!

ఇక చూడాలి ఆ సంబరం! చేప మడుగు ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయింది. దారం గుయ్యిమని పాడింది. గూడెం గూడెమంతా గట్టు మీదికి వచ్చి "వదులు, వదులు! ఇప్పుడు పట్టు!" అని కేకలు. అది లాగినప్పుడు వదిలాడు, అలిసినప్పుడు చుట్టాడు, రాళ్ల మీద జారి పడ్డాడు, లేచాడు, నీళ్లు తాగాడు, బెత్తం మాత్రం దించలేదు. బారెడు పొద్దెక్కేసరికి బొట్టమ్మ ఒడ్డుకు వచ్చి, వెండిబొట్టు ధగధగలాడుతూ తల పైకెత్తింది. అవ్వ సిద్ధంగా ఉంచుకున్న వెదురు కణుపును, ఒక కొస మూసి ఒక కొస తెరిచిన గొట్టాన్ని, దాని నోటి ముందు పెట్టింది.

"ఇంత ఆలస్యమా? దద్దమ్మా!" అని కొండలు మారుమోగేలా గర్జించి, మహారాజుగారి మాట గొట్టంలో దూరింది. అవ్వ చటుక్కున మైనపు బిరడా బిగించింది.

"మీ నాయనగారి గొంతు బాగానే ఉంది" అంది గొట్టాన్ని యువరాజు చేతికిచ్చి, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ. "కొంచెం ఎక్కువే ఉంది. నాయనా, ఒకటి గుర్తుంచుకో. బిరడా తీయగానే దగ్గర్లో తెరిచున్న నోరు ఏది కనబడితే అందులోకి దూరిపోతది. సూసుకుని తియ్యి."

ఆమె తడిచేతులతో ముల్లు తీసి, బొట్టమ్మ నుదుట చిటికెడు పసుపు రాసి, ఆడపడుచును సాగనంపినట్టు నీళ్లలో సాగనంపింది. వీరాంకుడు సూర్యుడి వంక చూశాడు. మధ్యాహ్నానికి అయిదు గడియలే ఉన్నాయి. గుర్రానికి పగలంతా కావాలి. మాట చేతిలో ఉంది, కోట అందనంత దూరంలో ఉంది!

అంతలో ఆకాశం చీకటైంది. మాట చేప నోరు విడిచేటప్పుడు లేచిన గర్జన కొండకొమ్ము మీద కూర్చున్న రాబందు చెవిన పడింది. అది రాయిలా కిందికి దూకింది. గూడెం వాళ్లు చెల్లాచెదరయ్యారు. వీరాంకుడు పక్కకు దొర్లాడు. గోళ్లు అతని భుజాన్ని రాసుకుంటూ పోయాయి, చేతిలోని గొట్టం వెంట్రుకవాసిలో తప్పించుకుంది. పక్షి పైకి లేచి మళ్లీ చుట్టు తిరగసాగింది. యువరాజు చెయ్యి మొలలో దాచుకున్న కత్తి మీదికి వెళ్లింది. సగం దూసింది.

ఆగింది.

"అవ్వా! ఇది రోజూ మధ్యాహ్నానికి కోటకు పోతుందన్నావు కదూ?"

అవ్వ ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం గుడిసెలోకి పరిగెత్తి, బావిలో పడిన చేదలు తీసే పాతాళగరిగెను పట్టుకొచ్చింది. ఇనుప కొక్కేల గుత్తి అది. వీరాంకుడు గుర్రపు వెంట్రుక పీకేసి, కొండపట్టు దారానికి దాన్ని ముడివేశాడు. కొక్కేల మధ్య ఇంకో ఖాళీ వెదురు కణుపును ఎరగా కట్టి, మైనంతో మూశాడు. పైన తన ఎర్ర తలపాగా చుట్టాడు. అసలు గొట్టాన్ని నడుముకు బిగించి పైపంచె కప్పాడు. దారం రెండో కొసను ఛాతీకి మూడు చుట్లు చుట్టి, బెత్తం ఎత్తి, ఆ వింత ఈకపురుగును గట్టు మీదికి విసిరాడు.

"అది నిన్ను ఎత్తుకుపోతది నాయనా!" అని అరిచింది అవ్వ.

"అదే కదా కావాలి!"

రాబందు దిగింది. దాని రెక్కల గాలికి వెదుళ్లు నేలకు వంగాయి. వాగు నీళ్లు ఎగిరిపడ్డాయి. గోళ్లు విప్పుకున్నాయి, ఎర్రని తలపాగాను పట్టుకున్నాయి. గూడెమంతా "లాగు!" అని ఒక్క గొంతుతో కేకేసింది.

"అయ్యా," అన్నాడు వీరాంకుడు, పళ్లు బిగించి, "రుచి కుదిరిందా?"

గోళ్లు మూసుకున్నాయి. పక్షి పైకి తిరిగింది. అప్పుడు లేపాడు బెత్తాన్ని. కొక్కెం జారి, ఇత్తడి కడియంలో పడి, ఖంగుమని బిగుసుకుంది. రెప్ప పాటులో యువరాజు కాళ్లు నేలను విడిచాయి. నాంచారవ్వ చేతులెత్తి దీవించడం, ఆమె బొమ్మరిల్లంతయి, ఆవగింజంతయి మాయం కావడం మాత్రమే అతనికి కనిపించింది.

కొండలు వెనక్కి పోయాయి. కొండచిలువ అడవి పోయింది. చేటలు కొన్న భటులు రేవులో నోరు తెరిచి పైకి చూశారు. మబ్బుల తడి ముఖాన కొడుతుంటే, ఎడమ చేత్తో దారం బిగువు చూసుకుంటూ, కుడి చేత్తో బెత్తం నిలిపి, మేఘవల్లి యువరాజు గాలిలో వేలాడుతూ పాట అందుకున్నాడు. పక్షి విదిలిస్తే వదిలాడు, తగ్గితే బిగించాడు. నేర్చినదంతా పనికొచ్చింది. నడుము దగ్గర గొట్టంలోంచి "ఎవడ్రా పాడేది? శ్రుతి లేదు!" అని గొణుగుడు వినబడుతూనే ఉంది.

కోట బురుజులు కనిపించాయి. ముంగిట ఇసుక వేస్తే రాలనంత జనం. సింహాసనం మీద మహాబలసేన మహారాజు నిటారుగా కూర్చుని ఉన్నాడు. పక్కన నల్లని జడలతో ధూమకేశి నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో పట్టు గుడ్డ కప్పిన పళ్లెం, పళ్లెంలో కిరీటం.

"మహారాజా, ఉన్నారా?" మొదటి పిలుపు పైకి తేలివచ్చింది.

మహారాజు నోరు తెరిచాడు. మాట రాలేదు. రాబందు తనకు రోజూ మాంసం పెట్టే బురుజు కోసం కోట చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతోంది.

"మహారాజా, ఉన్నారా?" రెండో పిలుపు.

జనంలో ఏడుపులు లేచాయి. వీరాంకుడు గొట్టాన్ని నడుము నుంచి తీసి, బిరడా మీద బొటనవేలు ఉంచాడు. పైన రాబందు ముక్కు బార్లా తెరిచి అరుస్తోంది, నాలుగు బారల దూరంలో. కింద తండ్రి నోరు ఇంకా నలభై బారల దూరంలో ఉంది. నలభై ముప్పై అయింది. ధూమకేశి తల ఎత్తి చూశాడు. వాడి ముఖం పాలిపోయింది, చెయ్యి జడలోని మంత్రదండం మీదికి పోయింది. రాజభటుడు మూడో పిలుపు కోసం ఊపిరి పీల్చాడు.

"తియ్యరా బిరడా!" అని గొట్టంలోంచి మహారాజు గర్జించాడు. "ఏం చూస్తున్నావు? రెప్ప వేసేలోపు తియ్యమంటే!"

ఇరవై బారలు. వీరాంకుడు చిరునవ్వు నవ్వాడు. పక్షి ముక్కుకన్నా నాన్నగారి నోరు దగ్గరయ్యేదాకా బొటనవేలు కదపదలచుకోలేదు.

"ఆగండి నాన్నగారూ," అన్నాడు, "రుచి కుదరనివ్వండి."